మొదట రంధ్రం, తర్వాత గొలుసు: ప్రోటీన్, పెప్టైడ్ మందుల కాలమ్‌లపై పాఠకుల ప్రశ్నలు

మాత్రల క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) నాలుగైదేళ్లు చేసి, ఇప్పుడు ఇన్సులిన్, సెమాగ్లూటైడ్, యాంటీబాడీల వైపు మారినవాళ్ల ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఎల్‌సీ (లిక్విడ్ క్రోమటోగ్రఫీ) కాలమ్‌లకే ఇచ్చేశాం. కొత్తవారికి ఒక్క మాట: కాలమ్ అంటే సన్నని రేణువులు నింపిన గొట్టం, దాని గుండా ద్రవంతో పోయిన ప్రతి పదార్థం గ్రాఫ్‌లో ఒక పీక్‌గా, అంటే శిఖరంగా కనబడుతుంది. సీ18, సీ4 అన్నవి ఆ రేణువులకు అంటించిన కార్బన్ గొలుసు పొడవు. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఒకటిగా వేశాం.

ప్రశ్న: అటార్వాస్టాటిన్‌కు వాడే సీ18 కాలమ్ మీద ఇన్సులిన్ చక్కగా వచ్చింది. అదే కాలమ్ మీద మోనోక్లోనల్ యాంటీబాడీ పెడితే పీక్ పొట్టిగా, వెడల్పుగా వచ్చింది. ఏరియా కూడా సగమే. సీ4 కొంటే సరిపోతుందా?
— ఎం.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు

సీ4 అని మాత్రమే చూసి కొంటే మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. మీరు చూడాల్సింది రంధ్రం సైజు. మామూలు సీ18 సిలికా రేణువులో రంధ్రాల వ్యాసం 100 నుంచి 130 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు). అటార్వాస్టాటిన్ అణువుకు అది పెద్ద హాలు లాంటిది. ఇన్సులిన్ అణుభారం 5,808 డాల్టన్లు, ద్రావణంలో ఒంటరి అణువు వ్యాసం దాదాపు 30 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి దానికీ దారి దొరుకుతుంది. యాంటీబాడీ దాదాపు 1,50,000 డాల్టన్లు, వ్యాసం 100 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటుతుంది. గుమ్మమే పట్టనప్పుడు లోపల ఏ గొలుసు ఉంటే దానికేం? రేణువు పై పొర మీద మాత్రమే అంటుకుంటుంది, అక్కడ చోటు చాలా తక్కువ.

చేతి లెక్క ఒకటి గుర్తుంచుకోండి. అణువు వ్యాసానికి రంధ్రం కనీసం 3 రెట్లు ఉండాలి, 5 నుంచి 10 రెట్లు ఉంటే హాయి. ఈ లెక్కన 5,000 డాల్టన్ల లోపు పెప్టైడ్‌లకు 100–130 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఇన్సులిన్ నుంచి 50,000 దాకా 300, పూర్తి యాంటీబాడీకి 450 నుంచి 1000. మరి అన్నిటికీ 1000 కొనేస్తే పోదా అంటే, రంధ్రం పెరిగిన కొద్దీ ఉపరితలం తగ్గిపోతుంది. 100 ఆంగ్‌స్ట్రామ్ సిలికా గ్రాముకు సుమారు 300 చదరపు మీటర్లుంటే, 300 ఆంగ్‌స్ట్రామ్‌లది 100 దగ్గర ఉంటుంది. చిన్న పెప్టైడ్‌ను దాని మీద పెడితే నిలుపుదలా తగ్గుతుంది, ఎక్కువ లోడూ పట్టదు.

రెండో సంగతి వేగం. పారాసిటమాల్ లాంటి చిన్న అణువు ద్రావణంలో కదిలే వేగంతో పోలిస్తే యాంటీబాడీ పది రెట్లకు పైగా నిదానం. పూర్తి పోరస్ రేణువు నడిబొడ్డు దాకా వెళ్లి తిరిగొచ్చేలోపు ద్రవం ముందుకు పోతుంది, పీక్ సాగుతుంది. అందుకే పెద్ద ప్రోటీన్లకు గట్టి గుండు మీద పలుచని పోరస్ పొర ఉన్న కోర్-షెల్ రేణువులు తయారు చేశారు. ఉదాహరణకు 3.4 మైక్రాన్ల రేణువు మీద 0.2 మైక్రాన్ల పొర, రంధ్రం 400 ఆంగ్‌స్ట్రామ్‌లు. 2.7 మైక్రాన్ల రేణువు మీద 0.5 మైక్రాన్ల పొర, 1000 ఆంగ్‌స్ట్రామ్ రంధ్రాలతో కూడా దొరుకుతోంది.

గొలుసు సంగతి ఆ తర్వాతే. పెప్టైడ్‌లకు సీ18, ప్రోటీన్లకు సీ4, సీ8 లేదా ఫినైల్. మీ కాలమ్ మీద ఏరియా సగమే రావడానికి రంధ్రంతో పాటు ఉష్ణోగ్రత కూడా కారణమై ఉండవచ్చు. దాని గురించి కింద హైదరాబాద్ పాఠకుడికి రాసింది చదవండి.

ప్రశ్న: ఇన్సులిన్ అస్సేలో (మోతాదు పరీక్షలో) రిటెన్షన్ టైమ్ (పీక్ బయటికొచ్చే సమయం) రోజూ మారుతోంది. పొద్దున 15 నిమిషాలు, సాయంత్రానికి 18. కొత్త మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రవం) పోస్తే ఒకసారి 12కు పడిపోయింది. కాలమ్ మార్చినా అంతే. పంపు సర్వీస్ కూడా అయింది.
— క్యూసీ ఉద్యోగి, జడ్చర్ల

కాలమ్‌ను, పంపును తిట్టుకోకండి. ఇది ఇన్సులిన్ స్వభావం. మీరు వాడుతున్నది ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) పద్ధతి అనుకుంటున్నాం: లీటరు నీటిలో 28.4 గ్రాముల అన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్, 2.7 మి.లీ. ఫాస్ఫారిక్ ఆమ్లం, ఇథనోలమీన్‌తో పీహెచ్ 2.3కి సర్దుబాటు, ఈ ద్రావణం 74 భాగాలు, ఎసిటోనైట్రైల్ 26 భాగాలు, సీ18 కాలమ్, 40 డిగ్రీలు, 214 నానోమీటర్లు.

ఎసిటోనైట్రైల్ ఒక్క శాతం మారితే నిలుపుదల ఎంత మారుతుందో చెప్పే అంకె ఒకటి ఉంది, దాన్ని ఎస్ అంటారు. ఉజ్జాయింపుగా అణుభారం వర్గమూలాన్ని 0.25తో గుణిస్తే వస్తుంది. 150 డాల్టన్ల చిన్న మందుకు ఎస్ దాదాపు 3. దాని రిటెన్షన్ ఫ్యాక్టర్ (కాలమ్ ఎంత పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) ఒక్క శాతానికి 7 శాతమే కదులుతుంది. ఇన్సులిన్‌కు ఎస్ 19, అంటే ఒక్క శాతానికి ఒకటిన్నర రెట్లు. డెడ్ టైమ్ (కాలమ్‌కు అసలు అంటుకోని పదార్థం బయటికొచ్చే సమయం) 1.5 నిమిషాలనుకుని మీ 15 నిమిషాల పీక్‌తో లెక్క వేద్దాం. ఎసిటోనైట్రైల్ 26 నుంచి 25.5కు దిగితే పీక్ 18 నిమిషాల దాటుకు పోతుంది. 25కు దిగితే 22. పొరపాటున 27 పడితే 10. మీ అంకెలన్నీ ఒక శాతం లోపు తేడాలోనే ఇమిడిపోయాయి చూడండి.

ఇక ఆ అర శాతం ఎక్కడ పోతోందో వెతకాలి. పగలంతా పీక్ వెనక్కి జరుగుతోందంటే ఎసిటోనైట్రైల్ ఆవిరవుతోందని అర్థం. సీసా మూత వదులుగా ఉందేమో, ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టారేమో చూడండి. కలిపిన తర్వాత వాక్యూమ్ పెట్టి ఫిల్టర్ చేసే అలవాటు ఉంటే మానేయండి, ఆ పది నిమిషాల్లోనే ఎసిటోనైట్రైల్ కొంత పోతుంది. ఉప్పు ద్రావణాన్ని ముందే 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, ఆ తర్వాత ఎసిటోనైట్రైల్ కలపండి. గాలి తీసే పని ఇన్‌లైన్ డీగ్యాసర్ చూసుకుంటుంది.

కొత్త సీసాతో గెంతు వస్తోందంటే కలపడంలో తేడా ఉంది. 740 మి.లీ. ఒక జాడీలో, 260 మి.లీ. ఇంకో జాడీలో విడివిడిగా కొలిచి కలపాలి. 260 పోసి ద్రావణంతో 1000 గీత దాకా నింపితే అది 74:26 కాదు, ఎందుకంటే ఈ రెండూ కలిస్తే ఘనపరిమాణం కుంచించుకుపోతుంది. కొలజాడీ కన్నా త్రాసు నమ్మకం. 260 మి.లీ. ఎసిటోనైట్రైల్ 20 డిగ్రీల దగ్గర దాదాపు 204 గ్రాములు. ఎస్‌ఓపీలో (ల్యాబ్ పని విధానం రాసిన పత్రంలో) బరువు రాసుకుంటే చేయి మారినా పీక్ మారదు. పంపులో రెండు లైన్లు పెట్టి ఆన్‌లైన్‌లో కలపడం ఈ ఒక్క పద్ధతికి వద్దు. ప్రపోర్షనింగ్ వాల్వ్‌కు అర శాతం తేడా మామూలే, మందు మాత్రం దాన్ని క్షమించదు.

సిస్టమ్ సూటబిలిటీకి (పరికరం, కాలమ్ సరిగ్గా ఉన్నాయో ముందుగా చూసే పరీక్షకు) ఏ21 డెస్అమిడో పీక్, అంటే ఇన్సులిన్ చెడితే ఏర్పడే రూపం పీక్ కావాలి కదా. 0.01 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, మి.లీ.కి 1.5 మిల్లీగ్రాముల ఇన్సులిన్ కరిగించి గది ఉష్ణోగ్రతలో కనీసం 3 రోజులు వదిలేస్తే 5 శాతానికి పైగా అదే తయారవుతుంది. దీని అర్థం మీ శాంపిల్ కూడా ట్రే మీద అలాగే చెడుతుందని. ఆటోశాంప్లర్‌ను 5 డిగ్రీల దగ్గర ఉంచండి.

రన్ అయ్యాక నేరుగా శుద్ధ ఎసిటోనైట్రైల్ పంపితే సల్ఫేట్ పంపు హెడ్‌లోనే రాయి కడుతుంది. ముందు నీరు 80, ఎసిటోనైట్రైల్ 20తో అరగంట కడిగి, తర్వాతే ఎక్కువ శాతానికి వెళ్లండి.

ప్రశ్న: సెమాగ్లూటైడ్ మలినాలను మాస్‌లో (మాస్ స్పెక్ట్రోమీటర్‌లో) చూడాలని టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం) తీసేసి ఫార్మిక్ ఆమ్లం పెట్టాం. సిగ్నల్ పెరిగింది, కానీ పీక్‌లకు తోకలొచ్చి పక్కపక్క మలినాలు కలిసిపోయాయి. రెండూ కావాలంటే ఎలా?
— ఆర్ అండ్ డీ, పాశమైలారం

0.1 శాతం టీఎఫ్ఏ పీహెచ్‌ను 2 దగ్గర ఉంచుతుంది. పెప్టైడ్‌లోని లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్‌ల ధనావేశాలకు జతగా నిలిచి వాటిని కప్పేస్తుంది కూడా. ఆ జతే ఎలక్ట్రోస్ప్రేలో (అణువులకు ఆవేశమిచ్చి మాస్‌లోకి పంపే భాగంలో) సిగ్నల్‌ను తొక్కేస్తుంది. 0.1 శాతం ఫార్మిక్ పీహెచ్ 2.7 దగ్గర ఉంటుంది, జతకట్టదు. అప్పుడు సిలికా మీద మిగిలిన సిలనాల్‌లు (గొలుసు అంటని ఓహెచ్ గుంపులు) ధనావేశాలను పట్టుకుంటాయి. ఇంకోపక్క, ఉపరితలం మీద చేరిన పెప్టైడ్ అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పు బలం తక్కువ కాబట్టి ఆ తోపులాటకు అడ్డూ ఉండదు.

మీ తోక ఏ రకమో తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష: ఇంజెక్షన్‌ను పదో వంతుకు తగ్గించండి. తోక మాయమైతే అది ఓవర్‌లోడ్. అలాగే ఉన్నా, ఇంకా ముదిరినా సిలనాల్ లేదా లోహం పని.

ఓవర్‌లోడ్ అయితే చార్జ్‌డ్ సర్ఫేస్ సీ18 కాలమ్ మంచి జవాబు. హైబ్రిడ్ సిలికా మీద కావాలనే కొద్దిగా ధనావేశం పూస్తారు. అది పెప్టైడ్‌ను సిలనాల్‌ల నుంచి దూరంగా ఉంచుతుంది. ఫార్మిక్‌లోనే టీఎఫ్ఏకు దగ్గరి ఆకారం వస్తుంది, నిలుపుదల మాత్రం కాస్త తగ్గుతుంది. గ్రేడియంట్ (ఎసిటోనైట్రైల్ శాతాన్ని క్రమంగా పెంచడం) మొదలును 2–3 శాతం కిందికి దించుకోండి. కాలమ్ మార్చడం కుదరకపోతే 0.1 శాతం డైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం, లేదా 0.1 శాతం ఫార్మిక్‌లో 0.02 శాతం టీఎఫ్ఏ మధ్యేమార్గం. ఒక్కటి మాత్రం మరవకండి. టీఎఫ్ఏ చూసిన కాలమ్ ఇంగువ కట్టిన గుడ్డ. ఎంత కడిగినా రోజుల తరబడి వదులుతూనే ఉంటుంది. మాస్‌కు వేరే కాలమ్ పెట్టుకోండి, యూవీ కాలమ్‌ను దాని దగ్గరికి రానీయకండి.

సెమాగ్లూటైడ్‌కు ప్రత్యేకంగా రెండు మాటలు. 4,114 డాల్టన్ల పెప్టైడ్, 26వ లైసిన్ మీద 18 కార్బన్ల కొవ్వు డైఆసిడ్ వేలాడుతుంది. దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 5.4 దగ్గర. శాంపిల్‌ను పీహెచ్ 5 ఎసిటేట్‌లో పలుచన చేస్తే మబ్బు పడుతుంది. 7.4 లేదా కాస్త పై పీహెచ్ ఉన్న ఫాస్ఫేట్ వాడండి. రెండోది, ఆ కొవ్వు గొలుసు గాజుకు అంటుకుంటుంది. తక్కువ గాఢత స్టాండర్డ్‌లు గాజు వయల్‌లో పెట్టి ఎల్ఓక్యూ (నమ్మకంగా కొలవగల అతి తక్కువ గాఢత) రావట్లేదని తంటాలు పడేవాళ్లున్నారు. పాలీప్రొపిలీన్ వయల్ మార్చి చూడండి.

ఇక టీఎఫ్ఏ కొలత. 0.1 శాతం అంటే ఘనపరిమాణమా, బరువా అన్నది ఎస్‌ఓపీలో రాసి ఉందా? టీఎఫ్ఏ సాంద్రత 1.49. లీటరుకు 1 మి.లీ. పోసినవారికి, 1 గ్రాము తూచినవారికి మధ్య దాదాపు ఒకటిన్నర రెట్ల తేడా. ల్యాబ్ నుంచి ల్యాబ్‌కు పద్ధతి బదిలీ అయినప్పుడు సెలెక్టివిటీ మారిందన్న గొడవల్లో ఇదొక నిశ్శబ్ద దోషి. 214 దగ్గర బేస్‌లైన్ పైకి ఎక్కుతుంటే ‘ఏ’ లైన్‌లో (నీటి వైపు) 0.1, ‘బీ’ లైన్‌లో (ఎసిటోనైట్రైల్ వైపు) 0.085 నుంచి 0.09 శాతం పెట్టండి.

ప్రశ్న: యాంటీబాడీని 300 ఆంగ్‌స్ట్రామ్ సీ4 మీద 80 డిగ్రీల దగ్గర నడుపుతున్నాం. బ్లాంక్‌లో (మందు లేని ద్రావణంలో) కూడా యాంటీబాడీ పీక్ కనిపిస్తోంది. రెండు వారాలకే రిటెన్షన్ తగ్గిపోతోంది.
— బయోలాజిక్స్ విభాగం, హైదరాబాద్

ఇందులో ఒకదానికి మందు వేస్తే ఇంకోటి ముదిరే చిక్కు ఉంది. చల్లగా నడిపితే యాంటీబాడీ కాలమ్‌కు అతుక్కుని, తర్వాతి బ్లాంక్‌లో కొంచెం కొంచెంగా ఊడి వస్తుంది. 60 డిగ్రీల కింద పూర్తి యాంటీబాడీ రికవరీ (పంపినదాంట్లో బయటికొచ్చే వంతు) దెబ్బతింటుంది. అందుకని 80కి ఎక్కిస్తే, వేడి టీఎఫ్ఏ పొట్టి సీ4 గొలుసును సిలికా నుంచి తెంచేస్తుంది. మీ రిటెన్షన్ తగ్గడానికి కారణం అదే.

సీ4 వదలకూడదనుకుంటే సిలికాన్ అణువు పక్కన ఐసోప్రొపైల్ లేదా ఐసోబ్యుటైల్ లాంటి లావు గుంపులున్నది అడగండి. అవి గొడుగులా బంధాన్ని ఆమ్లం నుంచి కాపాడతాయి. మా సిఫారసు మాత్రం 450 ఆంగ్‌స్ట్రామ్ ఫినైల్, లేదా 1000 ఆంగ్‌స్ట్రామ్ కోర్-షెల్ డైఫినైల్. ఇవి 70 డిగ్రీల దగ్గరే మెరుగైన రికవరీ ఇస్తాయి. సిలికా వద్దనుకుంటే పాలీస్టైరీన్-డైవినైల్‌బెంజీన్ రేణువుల కాలమ్ ఉంది. పదును కాస్త తక్కువైనా పీహెచ్ 1 నుంచి 14 దాకా తట్టుకుంటుంది, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగి అతుక్కున్న ప్రోటీన్‌ను ఊడదీయవచ్చు. సిలికా కాలమ్‌కు ఆ పని చేశారో, అది కరిగిపోతుంది.

క్యారీఓవర్ (ముందు రన్‌లో మిగిలి బ్లాంక్‌లో కనబడే పీక్) ఎక్కడిదో ముందు తేల్చండి. బ్లాంక్‌ను ఇంజెక్ట్ చేయకుండా, గ్రేడియంట్ ఒక్కటే నడపండి. అప్పుడూ పీక్ వస్తే కాలమ్‌ది. రాకపోతే సూదిది లేదా వాల్వ్‌ది. కాలమ్‌దైతే ప్రతి రన్ చివర బీ శాతాన్ని 20 నుంచి 95కు మూడుసార్లు ఎక్కించి దించే రంపపు పళ్ల వాష్ పెట్టండి. బీ లైన్‌లో ఎసిటోనైట్రైల్‌కు బదులు కొంత ఐసోప్రొపనాల్ కలిపినా, 1–2 శాతం ఎన్-బ్యుటనాల్ వేసినా రికవరీ పెరుగుతుంది. ఐసోప్రొపనాల్ చిక్కన, ప్రెషర్ చూసుకోండి. 2.1 మి.మీ. కాలమ్ మీద 0.5 నుంచి 2 మైక్రోగ్రాములు చాలు.

వేడి టీఎఫ్ఏలో యాంటీబాడీని ఎక్కువసేపు ఉంచితే ఆస్పార్టిక్–ప్రోలిన్ మధ్య తెగి, లేని ముక్కలు కనబడతాయి. గ్రేడియంట్‌ను 10–15 నిమిషాల్లో ముగించండి. రెసల్యూషన్ కావాలంటే పూర్తి యాంటీబాడీతో కుస్తీ ఎందుకు? ఐడీఈఎస్ ఎంజైమ్‌తో హింజ్ (యాంటీబాడీ మధ్యలోని కీలు) కింద కోసి, డైసల్ఫైడ్‌లు తెంచితే దాదాపు 25,000 డాల్టన్ల ముక్కలు మూడు వస్తాయి. మెథియోనిన్ ఆక్సీకరణ ఏ ముక్కలో ఉందో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

ప్రశ్న: కొత్త ఎస్ఈసీ కాలమ్ (అణువులను సైజును బట్టి విడదీసేది) పెట్టాక అగ్రిగేట్ (అతుక్కుపోయిన ప్రోటీన్ ముద్దలు) 1.8 శాతం నుంచి 1.1కు తగ్గింది. బ్యాచ్ బాగుందని సంబరపడాలా?
— క్యూఏ ఉద్యోగిని, శామీర్‌పేట

తొందరపడకండి. అగ్రిగేట్ తగ్గలేదు, కాలమ్ మింగేసి ఉండొచ్చు. కొత్త డైఓల్ సిలికా మీద పట్టు ఉండే చోట్లు మిగిలి ఉంటాయి, పెద్ద అణువులు వాటికి ముందు చిక్కుతాయి. మొదటి 5–10 ఇంజెక్షన్లు మీ శాంపిల్‌తోనో, బీఎస్ఏ (ఆవు అల్బుమిన్) తోనో వృథా చేసి, మోనోమర్ (ఒంటరి అణువు), అగ్రిగేట్ ఏరియాలు రెండూ నిలకడ పడ్డాకే లెక్క మొదలుపెట్టండి.

తర్వాత మొత్తం ఏరియా చూడండి. కాలమ్ తీసేసి ఆ చోట యూనియన్ (రెండు ట్యూబులను కలిపే జాయింట్) పెట్టి అదే శాంపిల్ ఇంజెక్ట్ చేస్తే వచ్చే ఏరియాకు, కాలమ్‌తో వచ్చే మొత్తం ఏరియాకు తేడా 5 శాతం దాటితే కాలమ్ దొంగిలిస్తున్నట్టే. అప్పుడు మొబైల్ ఫేజ్ సరిచూడాలి. మామూలుగా 100 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్, పీహెచ్ 6.8, 200 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్. ఉప్పు పెంచితే తోక తగ్గిందా, అది సిలనాల్ ఆకర్షణ. పెరిగిందా, అది హైడ్రోఫోబిక్ ఆకర్షణ. రెంటికీ పనికొచ్చేది 200 మిల్లీమోలార్ ఆర్జినిన్. ఇన్సులిన్‌కైతే ఫార్మకోపియాలో వేరే దారి ఉంది: లీటరుకు 1 గ్రాము ఆర్జినిన్ ద్రావణం, ఎసిటోనైట్రైల్, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 65:20:15. దానికి 276 నానోమీటర్ల దగ్గర చూస్తారు, ఎందుకంటే ఎసిటిక్ ఆమ్లం 214ను మింగేస్తుంది.

కాలమ్ తప్పు లేని కారణాలూ ఉన్నాయి. కొన్ని అగ్రిగేట్‌లు పలుచన చేస్తే విడిపోతాయి. మి.లీ.కి 10 మిల్లీగ్రాముల శాంపిల్‌ను, మి.లీ.కి 1 మిల్లీగ్రాముకు పలుచన చేసినదాన్ని పక్కపక్కన నడిపి చూడండి. ఎవరైనా శాంపిల్‌ను 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లో పోశారేమో కూడా అడగండి, పెద్ద అగ్రిగేట్‌లు ఆ ఫిల్టర్ మీదే ఆగిపోతాయి. 1.7 మైక్రాన్ల ఎస్ఈసీ కాలమ్‌ను ఎక్కువ ఫ్లోతో నడిపితే రాపిడి వల్ల కూడా అంకె మారవచ్చు. ఫ్లో సగం చేసినా అదే శాతం వస్తే ఆ భయం లేదు.

ఎస్ఈసీలో గ్రేడియంట్ లేదు కాబట్టి కాలమ్ తల దగ్గర శాంపిల్ మళ్లీ కుదించుకోదు. ట్యూబులో సాగిన పీక్ సాగినట్టే ఉంటుంది. 0.12 మి.మీ. ట్యూబింగ్, వీలైనంత పొట్టిగా. ఇంజెక్షన్ కాలమ్ ఘనపరిమాణంలో 1 శాతం దాటకూడదు: 7.8×300 మి.మీ. కాలమ్ ఘనపరిమాణం 14.3 మి.లీ., కాబట్టి 20 నుంచి 100 మైక్రోలీటర్లు పర్లేదు. 4.6×150కి 5–10 చాలు.

ప్రశ్న: మా దగ్గర 400 బార్ పాత హెచ్‌పీఎల్‌సీలే. 1.7 మైక్రాన్ల కాలమ్ వాడలేం. నష్టమేనా?
— కాంట్రాక్ట్ ల్యాబ్, విశాఖపట్నం

పెద్దగా కాదు. 2.7 మైక్రాన్ల కోర్-షెల్ కొనండి. ఒకే పొడవు, ఒకే ఫ్లోలో ప్రెషర్ రేణువు వ్యాసం వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి 1.7 మైక్రాన్లతో పోలిస్తే 40 శాతమే. పదును మాత్రం దానికి దగ్గరగా వస్తుంది. పాత మెషీన్‌లో అసలు నష్టం ప్రెషర్‌తో కాదు, ట్యూబులతో, డిటెక్టర్ సెల్‌తో. 2.1 మి.మీ. కాలమ్ కొని 0.25 మి.మీ. ట్యూబింగ్ వదిలేస్తే డబ్బు దండగ. 3.0 లేదా 4.6 మి.మీ. వ్యాసమే తీసుకోండి.

ప్రశ్న: మోనోగ్రాఫ్‌లో (ఫార్మకోపియాలో ఆ మందు పుటలో) ఎల్1, 4.6×150, 5 మైక్రాన్లు అని ఉంది. గ్రేడియంట్ పద్ధతి. చిన్న కాలమ్‌కు మార్చుకుంటే మళ్లీ వ్యాలిడేషన్ చేయాలా?
— ఫార్ములేషన్ క్యూసీ, పరవాడ

యూఎస్‌పీ (అమెరికా ఫార్మకోపియా) 621వ అధ్యాయం సమన్వయ రూపం 2022 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. గ్రేడియంట్‌కు కూడా పొడవును రేణువు సైజుతో భాగించిన నిష్పత్తి −25 నుంచి +50 శాతం లోపు ఉంటే మార్చుకోవచ్చు, సిస్టమ్ సూటబిలిటీ పాస్ కావాలి. మీది 150 మి.మీ., 5 మైక్రాన్లు, అంటే 30,000. 2.1×100, 3 మైక్రాన్లు తీసుకుంటే 33,333, అంటే +11 శాతం. ఫ్లో 1.0 నుంచి సుమారు 0.35 మి.లీ.కి, 20 మైక్రోలీటర్ల ఇంజెక్షన్ 2.8కి, 30 నిమిషాల గ్రేడియంట్ 12కి దిగుతాయి. ప్రతి అంచెను అదే నిష్పత్తిలో తగ్గించాలి. ఒక అంచె మర్చిపోయినా పెప్టైడ్ పీక్‌లు తారుమారవుతాయి. డ్వెల్ వాల్యూమ్ (ద్రావకాలు కలిసే చోటు నుంచి కాలమ్ దాకా ఉన్న ఘనపరిమాణం) తేడాకు మొదట్లో ఐసోక్రాటిక్ (శాతం మారని) అంచెను సర్దుకోండి. మీ మందు ఏ ఫార్మకోపియా కింద ఫైల్ అయిందో ఆ సంచిక నిబంధన చూసుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఎల్1 అంటే సీ18, ఎల్7 సీ8, ఎల్26 సీ4, ఎల్20 డైఓల్. వీటిలో ఏ సంఖ్యా రంధ్రం సైజు చెప్పదు. ఎల్1 అని రాసి ఉన్న ప్రతిదీ పెప్టైడ్‌కు పనికొస్తుందని కాదు. స్టోర్స్‌కు ఇండెంట్ పెట్టేటప్పుడు ఆంగ్‌స్ట్రామ్ అంకె కూడా రాయండి.

ప్రశ్న: గ్లుటామిక్, ఆస్పార్టిక్ ఆమ్లాలు ఎక్కువున్న పెప్టైడ్ మొదటి ఇంజెక్షన్లలో కనిపించదు, తర్వాత క్రమంగా ఏరియా పెరుగుతుంది. కొత్త కాలమ్ అయినా ఇంతే.
— పరిశోధక విద్యార్థి, న్యూజెర్సీ

స్టీల్ పని. కాలమ్ గొట్టం, ఫ్రిట్ (కాలమ్ చివర ఉండే జల్లెడ), సూది మీద ఉన్న ఇనుప ఆక్సైడ్ ఫాస్ఫేట్‌లను, కార్బాక్సిలేట్‌లను పట్టుకుంటుంది. చోట్లు నిండాక పీక్ కనబడుతుంది. లోపలి గోడకు పూత వేసిన హైబ్రిడ్ సర్ఫేస్ కాలమ్ లేదా పీక్ లైనింగ్ ఉన్నది తీసుకోండి (ఇక్కడ పీక్ అంటే ప్లాస్టిక్ పేరు, క్రోమటోగ్రామ్‌లోది కాదు). కాలమ్ ఒక్కటే మారిస్తే సగం పనే, స్టీల్ ట్యూబులు కూడా మార్చాలి. అంత ఖర్చు వద్దంటే మొబైల్ ఫేజ్‌లో 1 మిల్లీమోలార్ సిట్రిక్ ఆమ్లం వేసి చూడండి. మాస్‌లో సిగ్నల్ కొంత తగ్గుతుంది.

ప్రశ్న: రిటుక్సిమాబ్ లాంటి యాంటీబాడీల చార్జ్ వేరియంట్లకు (ఆవేశంలో తేడా ఉన్న రకాలకు) ఏ కాలమ్? రంధ్రాలు లేనిది అంటున్నారు, అదెలా పనిచేస్తుంది?
— బయోటెక్ ఉపన్యాసకుడు, వరంగల్

మంచి ఉదాహరణ ఎంచుకున్నారు. 2007లో రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్ బయోసిమిలర్ వచ్చింది హైదరాబాద్ నుంచే. దానికి బలహీన కాటయాన్ ఎక్స్ఛేంజ్, అంటే కార్బాక్సిలిక్ గుంపులున్న, రంధ్రం లేని 10 మైక్రాన్ల పాలిమర్ గుండ్లు వాడతారు. లోపలికి పోయే దారే లేదు కాబట్టి ప్రోటీన్ నిదానంగా కదిలినా పీక్ సాగదు. చోటు తక్కువ అన్న లోపాన్ని, పైన అంటించిన పాలిమర్ పొరతో కొంత పూడుస్తారు. 20 మిల్లీమోలార్ ఎంఈఎస్ బఫర్, పీహెచ్ 6.0, సోడియం క్లోరైడ్ 0 నుంచి 150 మిల్లీమోలార్‌కు 30 నిమిషాల గ్రేడియంట్‌తో మొదలుపెట్టండి.

ముందు వచ్చేవి ఆమ్ల రకాలు: డీఅమిడేషన్, సియాలిక్ ఆమ్లం, గ్లైకేషన్. వెనక వచ్చే క్షార రకాల్లో చాలావరకు చివరి లైసిన్ మిగిలినవి. శాంపిల్‌కు కార్బాక్సీపెప్టిడేజ్ బీ కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచి మళ్లీ నడపండి. మాయమైన పీక్‌లు లైసిన్‌వి, మిగిలినవాటికి వేరే కారణం వెతకాలి. పీక్‌లు రోజుకోచోట వస్తుంటే పీహెచ్ మీటర్ క్యాలిబ్రేషన్ చూడండి. ఇక్కడ 0.1 పీహెచ్ కూడా కనబడుతుంది.

ప్రశ్న: ఈ కాలమ్‌లన్నిటినీ ఒకేలా కడిగి దాచవచ్చా?
— పలువురు పాఠకులు

లేదు. రివర్స్‌డ్ ఫేజ్ (సీ18, సీ4, ఫినైల్ లాంటివి) అయితే ముందు ఉప్పు లేని నీరు-ఎసిటోనైట్రైల్, తర్వాత 50 శాతానికి పైగా ఎసిటోనైట్రైల్‌లో దాచండి. టీఎఫ్ఏ ఉంచి దాచవద్దు. ఎస్ఈసీ అయితే ఫ్లో సగానికి తగ్గించి, కాలమ్ ఘనపరిమాణానికి కనీసం 5 రెట్ల నీటితో ఉప్పు కడిగి, ఆ తర్వాతే 20 శాతం ఇథనాల్. ఫాస్ఫేట్ లోపల ఉండగానే ఇథనాల్ పంపితే ఉప్పు విరిగి ఫ్రిట్ మూసుకుపోతుంది, పైగా ఇథనాల్-నీరు మిశ్రమం చిక్కన కాబట్టి ప్రెషర్ ఎగబాకుతుంది. 5 మైక్రాన్ల ఎస్ఈసీ కాలమ్‌లు కొన్ని 70 బార్‌కు మించి తట్టుకోవు. హెచ్‌ఐసీలో (హైడ్రోఫోబిక్ ఆకర్షణతో విడదీసే పద్ధతిలో) అమోనియం సల్ఫేట్ 1.5 మోలార్ దాకా ఉంటుంది, దానికి నీటితో కడగడం ఇంకా ఎక్కువసేపు కావాలి, పంపు సీల్ వాష్ కూడా ఆన్‌లో ఉండాలి.

పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బాక్టీరియాకు పాయసం లాంటిది. పాత సీసాలో కొత్త బఫర్ పోయకండి. రెండు మూడు రోజులకు మించి ఉంచకండి. కాలమ్ విప్పాక రెండు చివరలా ప్లగ్‌లు బిగించండి. ప్లగ్ లేకుండా డ్రాయర్‌లో ఎండిన ఎస్ఈసీ కాలమ్‌ను తిరిగి తడిపినా, బెడ్‌లో పడిన ఖాళీ పూడదు. మోనోమర్ పీక్ రెండుగా చీలి వస్తుంది.